నలభై ఒకటి ఏ రంగు

మా మామగారికి రైలింజన్ల పిచ్చి. ఈ మాట నాది కాదు, మా అత్తయ్యది. నేను కాపురానికి వచ్చిన మూడో రోజునే పక్కకు పిలిచి, "అమ్మాయ్, ముందే చెప్పేస్తున్నా. ఈయనకి పిచ్చి. కరవరు గానీ, ఇంజను కూత వినబడితే చేతిలో ఏముందో చూసుకోరు. ఆ టైముకి మాత్రం వేడి కాఫీ ఇవ్వకు," అని జాగ్రత్త చెప్పింది.

ఆయన పని గడియారాలు బాగుచేయడం. ముందుగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద కంటికి ఆనీ ఆననట్టుండే స్క్రూలు. కంటికి నల్లటి గొట్టంలాంటి భూతద్దం తగిలించుకుని కూర్చున్నారంటే పక్కన ఇల్లు కూలినా తల తిప్పరు, రైలు వస్తే తప్ప. ఈమధ్యే కుడికంటికి శుక్లం ఆపరేషను అయింది. మూడు నెలలు మేమెవరమూ ఆయన్ని బల్ల దగ్గరికి పోనివ్వలేదు. కిందటి నెల డాక్టరు సరేనన్నాక మళ్లీ భూతద్దం పెట్టుకున్న రోజున ఆయన మొహం చూసి తీరాలి. తప్పిపోయిన పిల్లాడు దొరికినంత సంబరపడ్డారు.

మా డాబాను ఆనుకునే రైలు పట్టాలు. పట్టాలకు అవతల, సరిగ్గా మాకు ఎదురుగా, మేడమీద ఒక దర్జీ కొట్టు. ఆ దర్జీగారు మామగారికి నలభై ఏళ్ల స్నేహితుడు. మనిషినైనా, గుమ్మాన్నైనా చూడగానే ఇన్ని ఇంచీలని చెప్పేస్తాడు కనక ఆయన్ని అందరూ ఇంచీ అంటారు. నాకు ఇంచీ బాబాయిగారు. మామగారు ఏ రైలొచ్చినా సెకన్లతో సహా టైము రాస్తారని ఆయన్ని సెకను అంటారు. ఈ పేర్లు పెట్టుకున్నది పట్టాల మిత్రులు. అంటే మా ఊళ్లో ఇదే పిచ్చి ఉన్న నలభైమంది. వాళ్లకో ఫోను గ్రూపు, దాంతోపాటు ఒక పెద్ద పుస్తకం. పుస్తకం మామగారి దగ్గరే ఉంటుంది.

ఆ పుస్తకానికో కట్టుబాటు ఉంది. ఫొటో చెల్లదు. ఒకప్పుడు ఎవరో గులాబీరంగు ఇంజను ఫొటో గ్రూపులో పెట్టి, వారంపాటు అందర్నీ స్టేషను చుట్టూ తిప్పాడు. తీరా చూస్తే ఫోనులో వేసిన రంగు. అప్పట్నుంచీ కళ్లతో చూసినదే లెక్క. చూసినవాళ్లు రాయాలి, అదే ఇంజనును అప్పుడే చూసిన ఇంకొకరు సాక్షిగా సంతకం పెట్టాలి. మామగారికి సాక్షి ఇంచీ బాబాయిగారు, ఆయనకు సాక్షి మామగారు. ఈయన డాబా మీద, ఆయన కిటికీలో. పదకొండు పుస్తకాలు నిండాయి గానీ ఒక్క గడిలోనూ తేడా రాలేదు.

ఇక నా సంగతి. నేను పనిచేసేది ఇంజన్ల వర్క్‌షాపులో, పెయింటు షాపులో. చారలు వేయడం నా పని. ఇంజను ఒంటి మీద ఈ చివర్నుంచి ఆ చివరికి సాగే చార వెంట్రుకవాసి వంకర పోయినా నాకు ఆ పూట అన్నం సయించదు. మామగారు మొట్టమొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు నన్నడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "మీ షాపులో ప్రైమరు ఎన్ని పూతలు వేస్తారమ్మా?" అని. రెండని చెప్పాను. ఆయన మా నాన్న వైపు తిరిగి, "మాకు ఇష్టమే," అన్నారు.

నెల కిందట నలభై ఒకటి అనే ఇంజను మా షాపుకొచ్చింది. పూర్తి నంబరు చాలా పెద్దది, చివరి రెండంకెలే అందరి నోట్లోనూ ఉంటాయి. పాతికేళ్లుగా ఇంజన్లన్నిటికీ ఉన్న ఇటుకరంగు తీసేసి, కొత్త రంగు వేయాలని పైవాళ్లు నిర్ణయించారు. అయితే ఏ రంగు వేయాలో తేలలేదు. కాగితం మీద చూస్తే తెలియదు, ఎండలో, పట్టాల మీద, పరుగులో చూడాలన్నారు. ఖాళీగా ఉన్నది ఒక్క ఇంజనే. అందుకని దానికి ఒకపక్క నారింజ, రెండోపక్క ముదురు నీలం వేయమన్నారు. రెండు పక్కలా నడుం మీద మీగడరంగు చార, డ్రైవరు తలుపు దగ్గర పైకి వంపు తిరిగి సన్నబడి ఆగేలా. ముందూ వెనకా మొహాలు రెండూ మీగడరంగే. సోమ, మంగళ, బుధవారాలు ట్రయలు తిప్పి, పైవాళ్లు దారిలో రెండు పక్కలా కుర్చీలేసుకుని చూసి, గురువారం ఏదో ఒకటి ఖాయం చేస్తారు.

ఫోర్‌మన్ మా ఎనిమిదిమంది చేతా కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "గురువారం దాకా ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా నువ్వు. మీ ఇంట్లో ఎవరున్నారో నాకు తెలుసు. బయటికి పొక్కితే ఉద్యోగాలు ఊడతాయి, నాది కూడా," అన్నాడు.

నాకు కడుపుబ్బిపోయింది. ఇంట్లో ఇంజన్లంటే ప్రాణం పెట్టే మనిషి, నా చేతుల కింద పాతికేళ్లకోసారి జరిగే ముచ్చట, నోటికి తాళం! నలభై ఒకటి షాపులోకి వెళ్లిందని పట్టాల మిత్రులకు మొదటి రోజే తెలుసు. గ్రూపులో పొద్దస్తమానం అదే గోల. ఆకుపచ్చ అని ఒకరు, వెండి అని ఒకరు పందేలు. విచిత్రమేమిటంటే మామగారు నన్ను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాలుగు వారాలపాటు, "పని ఎక్కువగా ఉందా అమ్మా, త్వరగా పడుకో," అనడమే. ఆపరేషను తర్వాత ఆయనకు పాత సరదా తగ్గిందేమోనని నేను పిచ్చిదానిలా బెంగపడ్డాను కూడా.

సోమవారం ఉదయం ఏడింటికే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని డాబా ఎక్కారు. చేతిలో పుస్తకం, పెన్ను, మెడలో ఫోను. అత్తయ్య కూడా కుర్చీ వేయించుకుంది. అవతల కిటికీలో ఇంచీ బాబాయిగారు రెండు రెక్కలూ బార్లా తెరిచి, నడుం దాకా బయటికి వంగి నిలబడ్డాడు. వాళ్లకు కొత్త రంగు చూస్తున్నామని సంబరం, నాకు నా చార చూస్తారని సంబరం.

ఏడూ పన్నెండుకు కూత వినబడింది. వంపు తిరిగి మీగడరంగు మొహం కనిపించింది. ఆ వెంటనే పొద్దుటి ఎండ పడి నారింజరంగు భగ్గుమంది. నేను వేసిన రంగే, అయినా ఒళ్లు ఝల్లుమంది. షాపులో దీపాల కింద చూడటం వేరు, పరుగెడుతుంటే చూడటం వేరు. నా చార ఈ చివర్నుంచి ఆ చివరికి ఎక్కడా బెసక్కుండా సాగిపోయింది. మామగారు నోరు తెరుచుకుని చూసి, ఇంజను దాటిపోయాక గాల్లోకి ఒక్క గెంతు గెంతారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి!

"నడుం జాగ్రత్త!" అని అరిచింది అత్తయ్య.

ఫోను మోగింది. మామగారు స్పీకరు పెట్టారు.

"చూశావట్రా?" అవతల్నుంచి ఇంచీ బాబాయిగారి కేక.

"చూశాను! అబ్బబ్బ, ఏం రంగురా అది!"

"కళ్లు చెదిరిపోయాయనుకో! కొత్త బట్టలు తొడుక్కున్నట్టుంది!"

"పాతికేళ్లు ఆ ఇటుకరంగు ఎలా భరించామంటావ్?"

"ఇన్నాళ్లకి ఎవరికో బుద్ధొచ్చింది! ఆ రంగు ఎంచినవాడి చేతికి కంకణం తొడగాలి!"

ఇద్దరూ అలా రెండు నిమిషాలు ఒకరి మాట ఒకరికి వినబడకుండా పొగుడుకున్నారు. చార సంగతి ఎవరూ ఎత్తకపోయినా సరే, నేను ఏనుగెక్కినంత ఆనందంగా ఉన్నాను. అప్పుడు మామగారు పెన్ను మూత తీసి, "రాస్తున్నా. ఏడూ పన్నెండు, ఇరవై రెండు సెకన్లు. నంబరు నలభై ఒకటి. రంగు, నారింజ," అన్నారు.

అవతల కిటికీలో ఇంచీ బాబాయిగారు ఫోను రెండో చెవికి మార్చాడు.

"ఏంటి?" అన్నాడు ఇంచీ బాబాయిగారు.

"నారింజ."

"నీలంరా."

"ఏది నీలం?"

"ఇంజనేరా! ముదురు నీలం. నా దగ్గర రెండొందల రంగుల దారాలున్నాయి, నాకు రంగు చెప్తావా?"

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా ఈ సంగతి నాకు తట్టనే లేదు. పట్టాలకు వీళ్లు చెరోవైపు ఉన్నారని నాకు తెలుసు, ఇంజనుకు చెరోపక్కా చెరో రంగని తెలుసు, ఆ రెండిటినీ కలిపి చూసుకోలేదు. వాళ్లకు తట్టకపోవడంలో వింతేముంది? పదకొండు పుస్తకాల నిండా ఉన్న ఇంజన్లన్నీ రెండు పక్కలా ఒకేలా ఉన్నవే. ఒకరు ఒకపక్కా మరొకరు రెండోపక్కా చూస్తున్నామన్న మాట వాళ్ల బుర్రల్లోకి రావలసిన అవసరమే ఎప్పుడూ పడలేదు.

"పొద్దుటెండ సూటిగా పడుతుంది, నీకు అన్నీ నారింజగానే కనిపిస్తాయి," అన్నాడు ఇంచీ బాబాయిగారు.

"నీవైపు నీడ. నీడలో నల్లకాకి కూడా నీలంగానే ఉంటుంది," అన్నారు మామగారు.

సరే సాయంత్రం చూద్దామనుకున్నారు. సాయంత్రం నాలుగూ నలభైకి ఇంజను తిరిగొచ్చింది. దానికి రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది కనక మళ్లించే పని లేదు, అలాగే వెనక్కి వచ్చేస్తుంది. పొద్దున మా వైపున్న పక్కే సాయంత్రమూ మా వైపుంది. మామగారికి మళ్లీ నారింజ, బాబాయిగారికి మళ్లీ నీలం. ఈసారి ఎండ అటు మారింది కనక ఎండా నీడా వాదన కూడా చెల్లకుండా పోయింది. గ్రూపు రెండుగా చీలింది. మా వైపు వీధులవాళ్లు నారింజ అని, అవతలివాళ్లు నీలం అని ఒంటికాలి మీద లేచారు. ఫొటోలు పెట్టిన ఇద్దర్ని గులాబీ ఇంజను వారసులని తిట్టి మూల కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఇంజను మీద రాళ్లు ఎగిరి తగిలిన గీతలుంటే నారింజ పక్క టచప్ చేసి, ఆరున్నరకు ఇల్లు చేరాను. థిన్నరుతో ఎంత రుద్దుకున్నా గోళ్ల సందుల్లో రంగు ఓ పట్టాన వదలదు. కాఫీ కలిపి ఇస్తే మామగారు గ్లాసు అందుకుంటూ ఒక్క క్షణం ఆగి, తర్వాత తేలిగ్గా నవ్వారు. "ఇంచీగాడు ముసలాడైపోయాడమ్మా, పాపం," అని, హాయిగా గడియారం ఒకటి ముందేసుకుని కూర్చున్నారు. నా ప్రాణం కుదుటపడింది. ఈయనకేం ఫరవాలేదు, గురువారం దాకా గడిచిపోతుందనుకున్నాను.

మంగళవారం పొద్దున మళ్లీ అదే పోట్లాట. కాకపోతే ఈసారి ఇంచీ బాబాయిగారికి పౌరుషం ముదిరింది. గ్రూపు కాల్‌లో పది మంది వింటుండగా స్పీకరులోంచి, "ఒరేయ్ సెకనూ, నీ సరదా కోసం పుస్తకంలో తప్పు రాయలేను. ఆపరేషను చేసిన కన్ను అది. ఇంకోసారి చూపించుకో," అనేశాడు.

మామగారు ఫోను కట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దమనిషి మీద కాదు, నా మీద. నిజం నా నాలుక మీద ఉంది. నోరు విప్పితే ఎనిమిది కుటుంబాల పొట్ట కొట్టినట్టవుతుంది.

షాపులో ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడ్డాను. "ఒక్క ఇంట్లో, ఒక్క మనిషికి చెప్పుకుంటానండీ. ఆయన నోరు దాటదు."

"మీ మామగారి నోరు దాటదు. ఆయన మొహం దాటుతుంది. పట్టాల మిత్రులు మొహం చూసి కనిపెట్టేస్తారు," అన్నాడాయన. అది మాత్రం నిజమే. ఆ సాయంత్రం నీలం పక్క టచప్ చేయించి ఇంటికి పంపాడు.

ఇంట్లో కాఫీ ఇచ్చాను. మామగారు గ్లాసు అందుకుని, దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నారు. చల్లారిపోయినా తాగలేదు. కాసేపటికి లేచి కిటికీ దగ్గరికెళ్లి నా చేతుల వంకా, తన చేతుల వంకా, గోడ మీద క్యాలెండరు వంకా చూశారు. తర్వాత భూతద్దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువా పైకి ఎక్కించారు. తన గడియారం కోసం వచ్చిన టీచరమ్మకు దాన్ని విప్పకుండానే తిరిగి ఇచ్చేసి, "ఇంకోచోట చూపించుకోండమ్మా. నేనింక ఈ పని చేయను," అన్నారు.

"చేయకపోవడమేంటండీ?" అంది అత్తయ్య.

"రంగే సరిగ్గా తెలియనివాడికి స్క్రూ ఏం తెలుస్తుంది? ఎవరి గడియారమో పాడుచేస్తాను. పుస్తకం కూడా రేపు ఇంచీగాడికి ఇచ్చేస్తా. వాడు చెప్పిందే రాసుకోనీ."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నారు. పిలిచినా పలక్కుండా ఎనిమిదింటికే వెళ్లి పడుకున్నారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గురువారం నిజం బయటపడుతుంది, అది తెలుసు. కానీ బీరువా పైకెక్కిన డబ్బాను మళ్లీ దించడం అంత తేలిక కాదని నాకు భయం పట్టుకుంది. ఆయన్ని నేనూ చూస్తూనే ఉన్నానుగా. ఒకసారి చేయనన్న పని మళ్లీ చేసే మనిషి కాదు.

బుధవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే ఉపాయం తట్టింది. తట్టగానే బ్రష్షు నోట్లో పెట్టుకునే నవ్వాను. చెప్పకూడదన్నారు. చూడకూడదని ఎవరూ అనలేదుగా!

ముందు ఇంచీ బాబాయిగారికి ఫోను చేశాను. "బాబాయిగారూ, మా డాబా మీదే ఏదో తిరకాసు ఉందేమోనండీ. ఇవాళొక్కరోజు మీరు ఇక్కడికొచ్చి చూడండి. మీరు చెప్తే మావయ్య నమ్ముతారు."

"వస్తానమ్మా. నిన్న నోరు జారాను, రాత్రంతా నిద్ర లేదు," అన్నాడాయన.

మామగారిని కదపడానికి మాత్రం అత్తయ్య కావలసొచ్చింది. "ఎలాగూ పుస్తకం ఇచ్చేస్తానన్నారుగా, కొట్టుకి వెళ్లి అక్కడే చూసి ఇచ్చేద్దురు గాని. తాడో పేడో తేలిపోతుంది. పదండి, నేనూ వస్తా," అని చెయ్యి పట్టుకుని లేవదీసింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. నా మొహం చూసి ఏదో ఉందని పసిగట్టి ఉంటుంది. కోడలి మొహం చదవడంలో ఆవిడ్ని మించినవాళ్లు లేరు.

ఇన్నేళ్లలో ఈ ఇద్దరూ చోట్లు మార్చుకోవడం అదే మొదటిసారి. ఇంచీ బాబాయిగారు మా డాబా ఎక్కి, పిట్టగోడను జానతో కొలిచి, "ముప్ఫై నాలుగు ఇంచీలు. తక్కువ. ఇక్కణ్నుంచి వాడు గెంతుతాడా?" అని గాభరా పడ్డాడు. అవతల కిటికీలో మామగారు చిన్నగా కనిపిస్తున్నారు, పక్కన అత్తయ్య. ఫోను రెండువైపులా ఆన్‌లోనే ఉంది.

ఏడూ పన్నెండుకు కూత. మీగడరంగు మొహం. తర్వాత నారింజ, నిలువెల్లా నారింజ, ధగధగలాడుతూ.

ఇంచీ బాబాయిగారి చేతులు పిట్టగోడ మీద బిగుసుకుపోయాయి. ఇంజను వెళ్లిపోయింది. ఆయన ఫోను నా చేతిలోంచి లాక్కుని, "ఒరేయ్..." అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోనులోంచి కూడా "ఒరేయ్..." అని వినబడింది.

"నువ్వు చెప్పు."

"ముందు నువ్వు చెప్పు."

"నువ్వే కరెక్టురా," అన్నాడు ఇంచీ బాబాయిగారు. "నారింజే. నన్ను క్షమించు. నీ కన్నుని అనరాని మాటన్నాను."

"లేదురా," అన్నారు మామగారు. "నువ్వే కరెక్టు. నీలమే. ఇప్పుడే నా కళ్లారా చూశాను."

"నారింజ అని నేను ఒప్పుకుంటుంటే మళ్లీ నీలమంటావేంట్రా?"

"నామీద జాలిపడి అబద్ధమాడకు. నాకు జాలి అక్కర్లేదు!"

"నాకు నీమీద జాలేంట్రా, మొండిఘటమా! నారింజ!"

"నీలం! నీ కొట్లోంచి చూస్తున్నా, నీలం!"

"మీ డాబా మీద నిలబడ్డా, నారింజ!"

ఇన్నాళ్లూ నేనే కరెక్టని కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు నువ్వే కరెక్టని కొట్టుకుంటున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండు చేతులతో నోరు మూసుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు అత్తయ్య గొంతు ఖంగున వినబడింది.

"అరుపులు ఆపండిద్దరూ! నా కళ్లకి ఏ ఆపరేషనూ కాలేదు. మొన్న మా డాబా మీద కుర్చీ వేసుకుని చూశాను, నారింజ. ఇవాళ ఇక్కణ్నుంచి చూశాను, నీలం. ఇంజనుకి రెండు పక్కలుంటాయని మీ నలభైమందిలో ఒక్కడికీ తెలీదా?"

ఇంచీ బాబాయిగారు మెల్లగా నావైపు తిరిగాడు. నేను ఆకాశంలోకి చూశాను. ఆయన నన్ను ఏమీ అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాడు. పట్టాల అవతల మామగారు కూడా కొట్టు మెట్లు దిగి పరుగెత్తడం కనిపించింది. రెండొందల అడుగుల దూరంలో లెవెల్ క్రాసింగు గేటు అప్పుడే లేస్తోంది. అది పూర్తిగా లేవకముందే ఇద్దరూ వంగి దూరి, పట్టాల మధ్యలో ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతడం మొదలుపెట్టారు. గేట్‌మన్ కేకలేస్తున్నాడు, రెండువైపులా బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు, వీళ్లకు పట్టలేదు.

"రెండు రంగులురా!"

"ఒకే ఇంజను! రెండు రంగులు! ఎవడు చూశాడ్రా ఇలాంటిది!"

సాయంత్రం నాలుగున్నరకు నేను షాపు గేటు దగ్గరే ఉన్నాను. ఊరు ఊరంతా పట్టాల పక్కనే ఉన్నట్టుంది. పట్టాల మిత్రులు సగం ఇటు, సగం అటు. షాపు ముందున్న నడక వంతెన మీద ఇంకొందరు. ఇంజను రాగానే ఒక పక్క చూసి, అది మా షాపు ముందు నెమ్మదించగానే బిలబిలా మెట్లెక్కి అవతలికి పరుగెత్తి రెండో పక్క చూసి, మళ్లీ ఇటు పరుగెత్తుకొచ్చారు. ఈలలు, చప్పట్లు, కేకలు. ఆయాసపడుతూ, నవ్వుకుంటూ, మొన్న తిట్టుకున్నవాళ్లే ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మెట్లెక్కుతున్నారు.

ఫోర్‌మన్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు వీళ్లకి?"

"ఎవరూ చెప్పలేదండీ. మా మామగారు పొద్దున దర్జీ కొట్టుకి వెళ్లారు, అంతే."

ఆయన నావంక కాసేపు అనుమానంగా చూసి, తర్వాత గుంపు వంక చూశాడు. ఎంత బిగబట్టినా ఆయన పెదవులు విచ్చుకున్నాయి. "పాతికేళ్లలో మన పనికి ఎవరైనా చప్పట్లు కొట్టారా?" అన్నాడు.

గురువారం పదింటికి కబురొచ్చింది. నీలం ఖాయం. నారింజ పక్క గీకేసి దాని మీద నీలం వేయమన్నారు. ఇంచీ బాబాయిగారు తానే గెలిచానని గ్రూపులో రెచ్చిపోయాడు. నేను రోజంతా ఆ నారింజను ఉప్పుకాగితం పెట్టి రుద్దాను, పొడి లేచి చేతులన్నీ నారింజయ్యాయి. మధ్యాహ్నం దాని మీదే నీలం పట్టించాం. నిన్నటిదాకా ఊరంతటినీ పరుగులు పెట్టించిన ఆ ఇంజను ఇక ఎక్కడా లేదు. పుస్తకంలో తప్ప.

ఇంటికి వెళ్లేసరికి మామగారు బల్ల దగ్గర ఉన్నారు, పుస్తకం తెరిచి. డబ్బా ఇంకా బీరువా పైనే ఉంది. నా కళ్లు ముందు దాని మీదకే పోయాయి.

"మావయ్యా, ఇప్పుడు చెప్పొచ్చు," అన్నాను. "ఆ చారలు వేసింది నేనే. రెండు రంగులని నాకు మొదట్నుంచీ తెలుసు. మీరు అంత బాధపడుతున్నా నోరు విప్పలేకపోయాను."

"నాకు తెలుసుగా, నీ చేతికిందే ఉందని," అన్నారు తాపీగా. "సోమవారం సాయంత్రం నువ్వు కాఫీ ఇస్తుంటే నీ బొటనవేలి గోటి కింద నారింజ కనిపించింది. అమ్మయ్య, నా కన్ను బాగానే ఉందనుకున్నా. మంగళవారం అదే గోటి కింద నీలం ఉంది. నిన్న నారింజగా కనబడిన గోరు ఇవాళ నీలంగా కనబడితే, తప్పు గోటిదా, కంటిదా? ఇంక నామీద నాకే నమ్మకం పోయిందమ్మా."

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. "ఒక్క మాట అడగొచ్చుగా మావయ్యా! నెల రోజులు ఇంట్లో నా ఎదురుగా తిరుగుతూ!"

"అడిగితే నువ్వేం చేస్తావు? నాతో అబద్ధమైనా ఆడాలి, ఉద్యోగమైనా పోగొట్టుకోవాలి. ఇంజను రంగు కోసం ఇంట్లో పిల్లని అలా నిలబెడతానా?"

గోటి సాక్ష్యం సోమవారమే గ్రూపులో పెట్టి ఉంటే ఆయన్ని ఎవరూ గుడ్డివాడనేవాళ్లు కాదు. మర్నాడు తన కళ్లే పోయాయనుకున్నప్పుడు కూడా నన్ను ఒక్క మాట అడగలేదు. నేను షాపు రహస్యం కాపాడుతున్నాననుకుంటే ఆయన నన్ను కాపాడారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన కుర్చీ ఎక్కి, డబ్బా దించి, గుడ్డ విప్పి, భూతద్దం కుడికంటికి తగిలించుకున్నారు. "చెయ్యి ఇటివ్వు," అని నా బొటనవేలు వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశారు.

"కింద నారింజ. పైన నీలం. సరిగ్గా చెప్పానా?"

"సరిగ్గా చెప్పారు మావయ్యా."

ఆయన పుస్తకం నావైపు తిప్పారు. నలభై ఒకటి. రంగు గడిలో నిలువుగా గీత గీసి, ఒకవైపు నారింజ, ఒకవైపు నీలం అని రాశారు. దాని కింద చిన్న అక్షరాలతో, "చార: రెండు పక్కలా ఒక్కటే. ఎక్కడా వంకర లేదు." ఆయన సంతకం, ఇంచీ బాబాయిగారి సంతకం అప్పటికే ఉన్నాయి. వాటి పక్కన కొత్తగా గీసిన గడి ఒకటి ఖాళీగా ఉంది. దాని పైన "వేసినవారు" అని ఉంది.

"పెట్టమ్మా సంతకం," అన్నారు. "చెయ్యి కడుక్కోకుండానే పెట్టు."